గుహలో పాచి.. యూవీతో వైద్యం: సైన్స్‌ డిగ్రీ వాళ్లకు కనిపించని దారి

కుందుర్పిలోనో కళ్యాణదుర్గంలోనో వాటర్‌ ప్లాంటుకు క్యాను పట్టుకుని వెళ్తుంటారు కదా. ఈసారి కాస్త లోపలికి తొంగి చూడండి. ఫిల్టర్లు, ఆర్వో మెంబ్రేన్‌ దాటాక నీళ్లు బయటికొచ్చే ముందు చాలా ప్లాంట్లలో సన్నటి స్టీలు గొట్టం ఒకటి ఉంటుంది. దాని లోపల వెలిగేది యూవీ ట్యూబు, అంటే అతినీలలోహిత దీపం. అంచుల్లోంచి నీలంగా కనిపించే వెలుతురు అసలు యూవీ కాదు, దాని వెంట వచ్చే మామూలు కాంతి. పనిచేసేది కంటికి కనిపించని 254 నానోమీటర్ల కిరణం. నీళ్లలోని బ్యాక్టీరియా డీఎన్‌ఏను అదే దెబ్బతీస్తుంది.

ఈ కిరణాన్నే ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్తలు గుహ గోడల మీద పట్టిన పాచికి వాడి చూశారు. మనకెందుకంటారా? బీఎస్సీ మైక్రోబయాలజీయో, బోటనీయో, ఫిజిక్సో చదువుతూ ‘దీనితో ఏ ఉద్యోగం వస్తుంది’ అని తలపట్టుకున్నవాళ్లు ఈ కథ వినాలి. ఇందులో మూడు నాలుగు సబ్జెక్టులు ఒకేచోట కలుస్తాయి. అలా కలిసే చోట పోటీ తక్కువగా ఉంటుంది. పైగా ఈ సమస్య మనకు దూరంగా ఏమీ లేదు. కుందుర్పి నుంచి కళ్యాణదుర్గం, అనంతపురం, తాడిపత్రి మీదుగా వెళ్తే బెలూం గుహలు వస్తాయి. తాడిపత్రి నుంచి అక్కడికి 30 కిలోమీటర్లే.

మన కింద గ్రానైటు, అక్కడ సున్నపురాయి

ముందు చిన్న భూగర్భ పాఠం. కుందుర్పి కొండ, దాని మీద దుర్గం, చుట్టూ వేరుశనగ చేలలో తేలిన గుండ్లు.. అంతా గ్రానైటు, నైస్‌ జాతి రాయి. ఇది నీటికి కరగదు. అందుకే ఇక్కడ బండల మధ్య గవులు ఉండొచ్చుగానీ కిలోమీటర్ల పొడవు గుహలు ఏర్పడవు. తాడిపత్రి దాటి కొలిమిగుండ్ల వైపు వెళ్లేసరికి రాయి మారిపోతుంది. అది నార్జి సున్నపురాయి. మన ఇళ్లలో పరిచే నల్ల కడప బండలు ఆ కుటుంబానివే. వాననీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్‌ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది లక్షల ఏళ్లపాటు ఈ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తూ పోతే బెలూం లాంటి గుహ తయారవుతుంది.

బెలూం గురించి 1884లో రాసిపెట్టినవాడు బ్రిటిష్‌ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్‌ బ్రూస్‌ ఫూట్‌. దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1982 నుంచి డేనియల్‌ గెబాయర్‌ నాయకత్వంలో జర్మన్‌ గుహాన్వేషకుల బృందం స్థానికుల సాయంతో లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర వరకు సందర్శకులను వదులుతారు. అన్నింటికన్నా లోతైన పాతాళగంగ దగ్గర 46 మీటర్లు కిందికి దిగుతాం. 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ దీన్ని చేతిలోకి తీసుకుని దారులు వేసి, లైట్లు పెట్టి, గాలి కోసం ఏర్పాట్లు చేసి 2002లో జనానికి తెరిచింది. ఇటు ఉత్తరాంధ్రలో అనంతగిరి కొండల మధ్య బొర్రా గుహలు కూడా ఇదే సంస్థ చూసుకుంటుంది. రెండింటిలో బొర్రా బాగా తడి. పైన అడవి, వాన, నీటి చెమ్మ ఏడాదంతా ఉంటాయి.

మీ దృష్టి నిలవాల్సింది ‘లైట్లు పెట్టి’ అన్న మాట మీద.

చీకట్లో దీపం పెడితే ఏమవుతుంది

గుహ లోపల సహజంగా పచ్చని ప్రాణి ఉండదు. వెలుతురు లేదు, కాబట్టి కిరణజన్య సంయోగక్రియ లేదు. కానీ సందర్శకుల చెప్పులకూ బట్టలకూ అంటుకుని, గాలిలో కొట్టుకొచ్చి, కారే నీటితో కలిసి శైవలాల కణాలూ స్పోర్లూ లోపలికి చేరుతూనే ఉంటాయి. వాటికి కావాల్సిన తడి అక్కడ ఉంది. ఖనిజాలు ఉన్నాయి. లేనిది వెలుతురు ఒక్కటే. అది మనం ఇచ్చాం. రోజుకు ఎనిమిది పది గంటలు ఒకేచోట వెలిగే ఫ్లడ్‌లైటు కింద ముందు సయనోబ్యాక్టీరియా, ఆకుపచ్చ శైవలాలు, డయాటమ్‌లు పట్టుకుంటాయి. వదిలేస్తే వాటి మీద మాస్‌ మొక్కలు, ఆ తరవాత ఫెర్న్‌లు కూడా లేస్తాయి. దీపం చుట్టూ పెరిగే ఈ పచ్చదనానికి జర్మన్‌లో ‘లాంపెన్‌ఫ్లోరా’ అని పేరు. ప్రపంచమంతా ఇదే మాట వాడుతున్నారు. ఇంటర్వ్యూలో పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పచ్చగా ఉంటే అందమే కదా అనుకోవద్దు. ఈ పొర రంగు మార్చడంతో ఆగదు. దాని నుంచి వచ్చే ఆమ్లాలు సున్నపురాయిని తింటాయి. పొర మీద నుంచి నీరు కారి కొత్త సున్నం పేరుకుంటే, పాచి లోపలే ఇరుక్కుపోయి రాతికి శాశ్వతమైన మరకగా మిగులుతుంది. అంగుళం పెరగడానికి వందల, వేల ఏళ్లు పట్టే సున్నపు ఊడల మీద ఇది జరుగుతుంది.

దీపపు వెలుగు, సందర్శకుల రద్దీ కలిస్తే ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను మించిన ఉదాహరణ లేదు. ఆదిమానవుల చిత్రాలతో 1940లో బయటపడ్డ ఆ గుహను 1948లో జనానికి తెరిచారు. 1960 నాటికి బొమ్మల మీద ఆకుపచ్చ మచ్చలు కనిపించాయి. 1963లో మూసేశారు. ఫార్మాల్డిహైడ్‌ లాంటి రసాయనాలతో పాచిని అణిచారు. అంతటితో కథ ముగియలేదు. 2001లో తెల్లటి ఫంగస్‌ వ్యాపించి మళ్లీ గొడవ మొదలైంది. జనం ఇప్పుడు చూస్తున్నది పక్కన కట్టిన నకలును. అసలు గుహ తలుపు సందర్శకులకు ఇవాళ్టికీ మూసే ఉంది.

బ్లీచింగా, పెరాక్సైడా, యూవీనా?

చాలాచోట్ల మొదట చేసే పని బ్రష్షుతో రుద్దడం. అది పాచిని ఇంకో నాలుగు చోట్లకు అంటిస్తుంది, రాతి ఉపరితలాన్నీ గీస్తుంది. రెండోది బ్లీచింగ్‌, అంటే సోడియం హైపోక్లోరైట్‌. చవక, దుకాణంలో దొరుకుతుంది, పాచి చస్తుంది. కానీ మూసి ఉన్న గుహలో ఆ క్లోరిన్‌ వాయువులు పనివాళ్ల ఊపిరితిత్తులకూ, అక్కడి చిన్న ప్రాణులకూ విషం. అవి చిన్నవి కదా అని తీసిపారేయొద్దు. పల్నాటి గుత్తికొండ బిలంలోని నీటిలో కళ్లులేని ఒక చిన్న జీవిని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషితో 2011లో కొత్త ప్రజాతిగా ప్రకటించారు. పేరు ‘ఆంధ్రకాయిడిస్‌’. మన రాష్ట్రం పేరు పెట్టుకున్న ఆ జీవి కోట్ల ఏళ్ల నాటి వంశానికి చెందింది. బకెట్టెడు బ్లీచింగ్‌ నీళ్లు ఎటు పారుతున్నాయో చూడకుండా పోస్తే అలాంటివి ఉన్నాయని తెలియకుండానే పోతాయి.

చెక్‌ శాస్త్రవేత్తలు 2003లో హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌ను ప్రతిపాదించారు. సుమారు 15 శాతం ద్రావణం పాచిని చంపుతుంది, తరవాత నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. దానికీ కొంచెం ఆమ్ల గుణం ఉంది కాబట్టి ముందే అందులో సున్నపురాయి ముక్కలు వేసి ఉంచితే గోడను తినదు అని కూడా వాళ్లే చెప్పారు. ఇంత చిన్న చిట్కా వెనక ఎంత కెమిస్ట్రీ ఉందో చూడండి.

ఇక యూవీ. ఫ్రాన్స్‌లోని ఫ్రాంష్‌-కాంటే విశ్వవిద్యాలయ బృందం జురా ప్రాంతపు మొయిడాన్‌ గుహల్లో యూవీ-సీ దీపాలను ప్రయోగించింది. 2011లో, 2014లో ఫలితాలు ప్రచురించింది. ఈ పద్ధతిలో గుహలోకి రసాయనం ఏదీ చేరదు, బ్రష్షు తగలదు. కిరణం డీఎన్‌ఏలోని పక్కపక్క థైమిన్‌లను అతికించేస్తుంది. కణం విభజన ఆగుతుంది. పత్రహరితం పాడై పచ్చరంగు వెలిసిపోతుంది.

వినడానికి ఎంత సులువో! చేసేటప్పుడు కష్టాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. మీలాంటి వాళ్లకు పని ఉన్నది అక్కడే.

మొదటిది మోతాదు. యూవీ మోతాదు అంటే తీవ్రతను సమయంతో గుణించడం. చదరపు మీటరుకు 1 వాట్‌ తీవ్రత 400 సెకన్లు పడితే 400 జౌళ్లు. ఇంట్లో నీటి శుద్ధికి సాధారణంగా లెక్కలోకి తీసుకునే మోతాదు అంతే. చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్లు అని ప్యూరిఫైయర్‌ పత్రాల్లో కనిపించేది ఇదే సంఖ్య. కానీ గోడ మీద జిగురుపొరలో దాక్కున్న పాచి నీటిలో తేలే బ్యాక్టీరియాలా ఒంటరిది కాదు. పై కణాలు కింది కణాలకు గొడుగు పడతాయి. అందుకే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు, గంటల తరబడి దీపం, అదీ పలుమార్లు కావాలి.

రెండోది నీడ. యూవీ వంకరలు తిరగదు. గుహ గోడ మన ఇంటి ప్లాస్టరింగులా నున్నగా ఉండదు. పగుళ్లలో, ఊడల వెనక బతికినవి మళ్లీ వస్తాయి. దీపాన్ని రెండు మూడు కోణాల్లో పెట్టాల్సిందే. పైగా దూరం పెరిగేకొద్దీ తీవ్రత వేగంగా పడిపోతుంది.

మూడోది అన్నింటికన్నా ఆసక్తికరం. చాలా సూక్ష్మజీవులకు దెబ్బతిన్న డీఎన్‌ఏను సరిచేసుకునే ఫోటోలైయేజ్‌ అనే ఎంజైమ్‌ ఉంది. దానికి శక్తి నీలి కాంతి నుంచి వస్తుంది. అంటే యూవీ వేసిన వెంటనే సందర్శకుల కోసం తెల్ల లైట్లు వెలిగిస్తే, చావాల్సిన పాచికి మీరే మందు ఇచ్చినట్టు. కాబట్టి సాయంత్రం గేట్లు మూశాక యూవీ పెట్టి, ఆ తరవాత రాత్రంతా చీకటిగా ఉంచాలి. టైమర్‌, సెన్సర్‌, ఇంటర్‌లాక్‌ లేకుండా ఇది నడవదు. డిప్లొమా ఎలక్ట్రికల్‌, ఈసీఈ వాళ్ల పని ఇక్కడ మొదలవుతుంది.

ఇంకోటి మనుషుల భద్రత. 254 నానోమీటర్ల కిరణానికి కళ్లు, చర్మం ఎనిమిది గంటల్లో తట్టుకోగల పరిమితిని అంతర్జాతీయ సంస్థలు చదరపు మీటరుకు 60 జౌళ్లుగా లెక్కగట్టాయి. పైన చెప్పిన 1 వాట్‌ తీవ్రత దగ్గర నిలబడితే ఒక్క నిమిషంలో ఆ కోటా అయిపోతుంది. మంట అప్పుడే తెలియదు. కొన్ని గంటలయ్యాక కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. గబ్బిలాలు ఉండే గుహలో వాటి సంగతీ చూడాలి. పాదరసం ఉన్న ట్యూబు లోపల పగిలితే వేరే తలనొప్పి, అందుకే 265-280 నానోమీటర్ల యూవీ ఎల్‌ఈడీల వైపు చూపు మళ్లుతోంది.

ఇంతా చేశాక చచ్చిన పాచి గోడ మీదే ఉంటుంది. దాన్ని తీయకపోతే బ్యాక్టీరియాకూ ఫంగస్‌కూ అన్నం పెట్టినట్టే. దీపాన్ని మార్చకపోతే ఏడాది తిరక్కుండా మళ్లీ పచ్చబడుతుంది. నన్నడిగితే యూవీ సగం పని మాత్రమే. మిగతా సగం లైటింగు డిజైన్‌. పత్రహరితం నీలి, ఎర్ర కాంతిని బాగా పీల్చుకుంటుంది, పసుపును తక్కువగా. అమెరికాలోని మామత్‌ కేవ్‌లో 595 నానోమీటర్ల పసుపు ఎల్‌ఈడీలు పెట్టి పాచి తిరిగి రాకుండా చూసిన ప్రయోగం ఉంది. మనుషులు వచ్చినప్పుడే వెలిగే సెన్సర్‌ లైట్లు, గోడకు దూరంగా పెట్టిన తక్కువ వాట్ల దీపాలు.. ఇవి చవకైన పరిష్కారాలు. మన దగ్గర గుహల్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల లైట్లంటే అందరికీ మోజు. ఫొటోలకు బాగుంటాయి. పాచికి కూడా ఆ ఎరుపు, నీలం అంతే బాగుంటాయి. పర్యాటక శాఖకు ఈ సంగతి లెక్కలతో చెప్పగలిగే కుర్రాళ్లు కావాలి.

కాలేజీలోనే మొదలుపెట్టొచ్చు

మీ డిగ్రీలో ఇంటర్న్‌షిప్‌ ఉంది, ప్రాజెక్టు ఉంది. నెట్‌ సెంటరులో బైండింగ్‌ చేయించి ఇచ్చే పాత రిపోర్టుకు బదులు దీన్ని చేయండి. ఖర్చు పెద్దగా లేదు. మైక్రోబయాలజీ ల్యాబులో లామినార్‌ ఎయిర్‌ ఫ్లో క్యాబినెట్‌ ఉంటుంది కదా, దానిలో ఉన్నది 254 నానోమీటర్ల యూవీ ట్యూబే. నాపరాళ్ల కొట్టులో పారేసిన కడప బండ ముక్కలు తెచ్చుకోండి. నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలు వస్తే అది సున్నపురాయే. మన ఊరి గ్రానైటుకు రావు. ముక్కలను నీళ్లతొట్టి పక్కన తడిగా, వెలుతురులో మూడు నాలుగు వారాలు ఉంచితే పాచి పట్టేస్తుంది.

ఆ ముక్కలను 0, 15, 30, 60 నిమిషాలు యూవీ కింద పెట్టండి. మూతలు తీసి పెట్టాలి. మామూలు గాజూ ప్లాస్టిక్కూ ఈ కిరణాన్ని ఆపేస్తాయి, చాలామంది ప్రాజెక్టులు పోయేది అక్కడే. ఆ తరవాత ప్రతి జతలో ఒక ముక్కను అట్టపెట్టెలో చీకట్లో, ఇంకోదాన్ని వెలుతురులో ఉంచి రెండు వారాలు చూడండి. వెలుతురులో ఉన్నది మళ్లీ పచ్చబడి, చీకట్లోది పడకపోతే అది డీఎన్‌ఏ మరమ్మతు వల్లా, లేక మామూలుగా వెలుతురు దొరికినందువల్లా? ఈ తేడా పట్టుకోవడానికి మూడో గుంపు పెట్టాలి. యూవీ వేశాక రెండు రోజులు మాత్రమే చీకట్లో ఉంచి, ఆపైన వెలుతురులోకి తేవాలి. ఈ ఒక్క ఆలోచన మీ రిపోర్టును మిగతా వందింటి నుంచి వేరుచేస్తుంది. రోజూ ఒకే దూరం నుంచి, పక్కన తెల్లకాగితం పెట్టి ఫోనుతో ఫొటో తీయండి. ట్యూబు వెలుగుతుండగా క్యాబినెట్‌లో చెయ్యి పెట్టకండి, తొంగి చూడకండి. లెక్చరర్‌ పక్కన లేకుండా అసలు స్విచ్చు వేయకండి.

బెలూంకు వెళ్తే గోడ గీకి శాంపిల్‌ తేవాలని మాత్రం అనుకోవద్దు. అది నేరమవుతుంది, గుహకూ నష్టం. కాలేజీ లెటర్‌హెడ్‌ మీద పర్యాటక సంస్థకు ముందే అర్జీ పెట్టి, లక్స్‌ మీటర్‌, తేమ కొలిచే చిన్న పరికరం తీసుకెళ్లి, ఒక్కో దీపం దగ్గర ఎంత వెలుతురు, ఎంత చెమ్మ, రాయి రంగు ఎలా ఉంది అని పట్టిక రాసుకుంటే చాలు. ఏ దీపం ముందు మార్చాలో ఆ పట్టికే చెబుతుంది.

మరి ఉద్యోగం?

‘గుహ పాచి నిపుణుడు’ అని నోటిఫికేషన్‌ పడదు. ఆ ఆశ ఇప్పుడే వదిలేయండి. కానీ ఈ పనిలో నేర్చుకున్నది అమ్ముడుపోయే చోట్లు చాలా ఉన్నాయి. హైదరాబాదు, విశాఖ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో నీటి వ్యవస్థలకు యూవీ తప్పనిసరి భాగంలాంటిది. అక్కడ క్యూసీ మైక్రోబయాలజీ విభాగాల్లో బీఎస్సీ, ఎమ్మెస్సీ వాళ్లను తీసుకుంటారు. కోస్తాలో రొయ్య హేచరీలు సముద్రపు నీటిని యూవీతో శుద్ధి చేస్తాయి. బాటిల్‌ నీళ్లు, డెయిరీలు, ఆసుపత్రుల ఆపరేషన్‌ థియేటర్లు, ఏసీ డక్టులు.. అన్నిచోట్లా అడిగే ప్రశ్న ఒకటే: మోతాదు సరిపోయిందా, ఎలా నిరూపిస్తారు? బండ ముక్కల మీద ఆ లెక్క వేసినవాళ్లకు జవాబు తెలుసు.

పరిశోధన వైపు వెళ్లేవాళ్లు సీఎస్‌ఐఆర్‌-నెట్‌ రాయొచ్చు. లైఫ్‌ సైన్సెస్‌, ఎర్త్‌ సైన్సెస్‌ రెండు పేపర్లూ ఈ రంగానికి దారి చూపేవే. జేఆర్‌ఎఫ్‌ వస్తే 2023 నుంచి నెలకు రూ.37,000 ఇస్తున్నారు. జియాలజీలో ఎమ్మెస్సీ చేసినవాళ్లకు యూపీఎస్సీ కంబైన్డ్‌ జియో-సైంటిస్ట్‌ పరీక్ష ఉంది, అది నెగ్గితే జియలాజికల్‌ సర్వే ఆఫ్‌ ఇండియా. లఖ్‌నవూలోని బీర్బల్‌ సాహ్నీ సంస్థలో గుహల సున్నపు ఊడల నుంచి పాత వానల లెక్క తీసే పరిశోధకులు ఉన్నారు. యూరప్‌కు వెళ్లే ఆలోచన ఉంటే స్లొవేనియాలోని పొస్టొయ్నాలో గుహల పరిశోధనకే ఒక సంస్థ నడుస్తోంది. ఆ ఊరి గుహలో కరెంటు దీపాలు వెలిగింది 1884లోనే. సరిగ్గా ఫూట్‌ బెలూం గురించి రాసిన ఏడాది. దీపాలు ముందొచ్చిన చోట పాచి తిప్పలూ ముందే వచ్చాయి, దాన్ని చదివేవాళ్లూ ముందే తయారయ్యారు.

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. బెలూం ఈ మూడు ఊళ్ల మధ్యలో ఉంది. పీజీకి దరఖాస్తు చేసేటప్పుడు అక్కడి ప్రొఫెసర్లకు మీ పట్టిక, ఫొటోలు జతచేసి ఒక పేజీ లేఖ రాయండి. తెలుగు మీడియం నుంచి వచ్చాం, ఇంగ్లిషులో తప్పులు పోతాయేమో అని ఆగకండి. కొలతలు సరిగ్గా ఉంటే వాక్యాలు ఎవరైనా దిద్దిపెడతారు. లేఖలో మొదటి వాక్యం మీ మార్కుల గురించి కాకుండా, ఏ దీపం కింద ఎన్ని లక్స్‌ ఉన్నాయో, అక్కడ రాయి ఏ రంగులో ఉందో చెప్పాలి.